ఈ చేప ఏ నీళ్లది?

మాది నేలకొండపల్లి. భక్త రామదాసు పుట్టిన ఊరు, బౌద్ధ స్తూపం ఉన్న ఊరు అంటే చాలామంది గుర్తుపడతారు. సముద్రానికీ మా ఊరికీ మాత్రం ఏ చుట్టరికమూ లేదు. దగ్గర తీరం అంటే మచిలీపట్నం వైపే, అదీ 150 కిలోమీటర్ల పైమాటే. అయినా హైదరాబాద్‌లో మా టీమ్ వాళ్లు "మీ వైపు మంచి సీఫుడ్ ఎక్కడ దొరుకుతుంది?" అని అడుగుతూనే ఉంటారు. వాళ్ల లెక్కలో చేప అంటే సీఫుడ్డే. అది చెరువుదా, సముద్రందా అన్నది మెనూ కార్డులో రాయరు కదా!

అడిగినవాళ్లలో ఒకమ్మాయిది వైజాగ్. వంజరం, చందువా తింటూ పెరిగింది. చెరువు చేప అంటే ముక్కు చిట్లిస్తుంది. బురద వాసనట. ఇంకొకతను ఆఫీసు పని మీద అమెరికా వెళ్లి, అక్కడ ఆయిస్టర్లు తిని వచ్చాడు. అంటే మన ఆలిచిప్పల్లాంటివే. బతికుండగానే చిప్ప తెరిచి, నిమ్మరసం పిండుకుని పచ్చిగా మింగేస్తారు. "మీ ఊళ్లో దొరుకుతాయా?" అన్నాడు. అందరం నవ్వుకున్నాం గానీ, అతని మాటల్లో ఒక సంగతి నా బుర్రలో ఉండిపోయింది.

ఆలిచిప్ప చుట్టూ ఉన్న నీళ్లను వడకట్టుకుని బతుకుతుంది. ఆ నీళ్లలో రోగక్రిములుంటే దానిలోకీ చేరతాయి. పైగా పచ్చిగా తినేది. అందుకే అక్కడ ఆ సంచులకి చీటీ కట్టి ఉండాలి. ఏ నీళ్లలో తీశారు, ఏ రోజు తీశారు, ఎవరు పంపారు అన్నీ దాని మీద రాసి ఉంటాయి. సరుకు అయిపోయాక కూడా హోటలువాళ్లు ఆ చీటీని 90 రోజులు దాచిపెట్టాలి. తిన్నవాళ్లకి ఏమైనా అయితే చీటీ పట్టుకుని ఆ నీళ్ల దాకా వెళ్తారన్నమాట. సర్వర్ పడిపోయినప్పుడు మేం లాగ్స్ తిరగేసినట్టే. మరి మన చేపకి చీటీ ఏది?

మొన్న చలికాలంలో ఓ శనివారం టీమ్‌లో నలుగురు మా ఊరు వస్తామన్నారు. మంచి చేపల హోటలు చూపించాల్సిన బాధ్యత నా మీద పడింది. ముందు రోజే బయల్దేరి ఫోన్లో రేటింగులు చూసుకుంటూ ఒక్కో హోటలుకీ వెళ్లాను. నాలుగున్నర స్టార్లు వచ్చిన హోటలు గురించి జనం రాసింది ఏసీ గురించీ, పార్కింగ్ గురించీ. చేప గురించి "సూపర్" అన్న ఒక్క ముక్కే ఉంది.

మెయిన్ రోడ్డు మీద ఇంకో హోటలుకి "పాలేరు చేపల పులుసు" అని ఇంతెత్తు బోర్డు. పాలేరు జలాశయం మాకు బండి మీద దగ్గరే. సాగర్ ఎడమ కాలువ నీళ్లు వచ్చి నిండే జలాశయం అది. ఆశగా లోపలికెళ్లి "ఇది పాలేరు చేపేనా?" అని అడిగాను.

"అవును సార్."

"ఎప్పుడు పట్టింది?"

"రోజూ వస్తది సార్."

చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్తే అక్కడ వ్యానులోంచి థర్మాకోల్ పెట్టెలు దించుతున్నారు. ఎక్కణ్ణుంచి అంటే ఆకివీడు నుంచి అన్నాడు డ్రైవరు, దాచకుండా.

ఆకివీడు చేప చెడ్డదని నేననడం లేదు. కొల్లేరు వైపు చెరువుల చేప దేశం నలుమూలలకీ వెళ్తుంది. ఐసులో సరిగ్గా పెడితే అది మంచి చేపే. కానీ ఎక్కడిదో చెప్పకపోతే అనుమానం అందరి మీదా పడుతుంది. 2018లో ఫార్మలిన్ కలుపుతున్నారన్న గొడవ వచ్చి అస్సాం ప్రభుత్వం ఆంధ్ర చేపల మీద పది రోజులు నిషేధం పెట్టింది. ఎవరో కొందరు చేసిన పనికి మంచి చేప పెంచిన రైతు కూడా దెబ్బ తినాల్సి వచ్చింది. అందుకే ఆకివీడు చేపని ఆకివీడు చేపగా అమ్మితే ఇబ్బందేముంది?

శనివారం తెల్లారకముందే పాలేరు గట్టుకి వెళ్లాను. నాతో టెన్త్ చదివినవాడొకడు అక్కడ చేపలు పడతాడు. మత్స్య సహకార సంఘంలో సభ్యుడు. సాయంత్రం వల వేసి, తెల్లవారుజామున తీస్తారు. నన్ను చూసి "ఏందిరా సాఫ్ట్‌వేరూ, ఇంత పొద్దున్నే లేచినవ్?" అన్నాడు. వలలో రవ్వ, బొచ్చె పడ్డాయి. కొన్ని జెల్లలు, గుప్పెడు రొయ్యలు. రెండు కొర్రమీన్లు విడిగా బకెట్లో ఈదుతున్నాయి.

గట్టు మీదే వ్యాపారి కాంటా పెట్టుకుని కూర్చున్నాడు. వలలకీ, ఇంట్లో పెళ్లికీ అతని దగ్గరే అడ్వాన్సు తీసుకున్నారు కాబట్టి అతను చెప్పిందే రేటు. హోటలు బోర్డు సంగతి చెబితే మావాడు నవ్వలేదు.

"బోర్డు మీద పాలేరు, ప్లేట్లో ఇంకెక్కడిదో. మేం పట్టిన చేప ఏ పేరు మీద ఎక్కడికి పోతదో మాకే తెల్వదు" అన్నాడు.

తర్వాత ఫోన్ తీసి, హైదరాబాద్‌లో డెలివరీ ఉద్యోగానికి సగం నింపిన ఫారం చూపించాడు. "రూము కిరాయి, పెట్రోలు పోను నెలకి ఎంత మిగులుద్దిరా?" అని అడిగాడు. అక్కడే గట్టు మీద కూర్చుని లెక్క వేశాం. మిగిలేది పెద్దగా లేదు. ఇక్కడ మిగులుతున్నది అంతకన్నా తక్కువ. వాళ్ల నాన్న, తాత ఈ నీళ్లలోనే వల వేశారు. వాడు వెళ్లిపోతే ఆ ఇంట్లో వల పట్టేవాళ్లు ఇంకెవరూ లేరు.

చేప ఎలా చూడాలో కూడా వాడే చెప్పాడు. కన్ను ఉబ్బెత్తుగా, తేటగా ఉండాలి. లోపలికి గుంట పడితే పాతదన్నట్టు. మొప్ప ఎత్తితే ఎర్రగా కనపడాలి. వేలితో నొక్కితే కండ మళ్లీ పైకి లేవాలి. కొర్రమీనుకైతే ఇంత పరీక్ష అక్కర్లేదు. తెలంగాణ రాష్ట్ర చేప అది. నీటి పైకొచ్చి గాలి పీలుస్తుంది కాబట్టి కాసిని నీళ్లలో కూడా బతికే ఉంటుంది. బతికున్నది కళ్లముందు కోయించుకోవడమే. అమెరికా ఆలిచిప్పదీ ఇదే లెక్క. చిప్ప తెరుచుకుని ఉండి, తట్టినా మూసుకోకపోతే దాన్ని పారేస్తారు.

ఆ చేపలు పట్టుకుని మా ఊళ్లో ఓ పిన్ని నడిపే మెస్‌కి వెళ్లాం. ఆరు బల్లలు, బోర్డు లేదు. చేప మనం తెచ్చుకుంటే వండి పెడుతుంది. కొర్రమీను జిగట పోయేదాకా గల్లుప్పు, బూడిద వేసి బండకేసి రుద్దింది. ఎండుమిరప కారం, ధనియాలు, చిక్కటి చింతపండు రసం వేసి పొయ్యి మీద పులుసు పెట్టింది. వైజాగ్ అమ్మాయి అన్న బురద వాసనకి కారణం జియోస్మిన్ అనే పదార్థం. నీళ్లలోని నాచూ, కొన్ని సూక్ష్మజీవులూ దాన్ని తయారు చేస్తాయి. పులుపు తగిలితే అది విరిగిపోతుంది. ఈ సంగతి నేను చెబితే పిన్ని "అందుకేగా పులుసు పెట్టేది" అని తేల్చేసింది. వైజాగ్ అమ్మాయి "చందువా చందువానే" అంటూనే మూడోసారి పులుసు పోయించుకుంది.

వాళ్లు వెళ్లాక స్కూలు పక్క కొట్టులో ఒక పలక కొన్నాను. "పాలేరు రవ్వ. ఈ రోజు పొద్దున పట్టింది" అని రాసి పిన్ని మెస్ గుమ్మానికి తగిలించాం. వేరే చేప వండిన రోజు దాని ఊరి పేరే రాయాలని షరతు. రెండోవారంలోనే ఆకివీడు అని రాయాల్సి వచ్చింది. రాసింది. ఆ రోజూ జనం వచ్చారు.

ఇప్పుడు ఆదివారాలు పది పన్నెండు కిలోలు మావాడి దగ్గర నేరుగా కొంటోంది. వ్యాపారి ఇచ్చేదాని కన్నా కిలోకి 40 రూపాయలు ఎక్కువ. మిగతా చేప అంతా ఇంకా కాంటాకే వెళ్తోంది, అడ్వాన్సు తీరలేదు మరి. వాడి ఫోన్లో ఆ ఫారం ఇంకా అలాగే ఉంది. "మృగశిర దాకా చూస్తరా" అంటున్నాడు. జూన్‌లో మృగశిర కార్తె రోజు మన దగ్గర చేప కూర లేని ఇల్లు అరుదు. ఆ రోజు రేటు కూడా బాగుంటుంది.

మీరు ఖమ్మం వైపు వస్తే హోటల్లో కూర్చోగానే ఒక్క మాట అడగండి. ఈ చేప ఏ నీళ్లది, ఎప్పుడు పట్టారు? తెలియదంటే పప్పు చెప్పండి. అడిగేవాళ్లు పదిమంది అయితే, హోటలువాడే పొద్దున్నే గట్టుకి వస్తాడు. మావాడికి అప్పుడు కాంటా కాకుండా ఇంకో బేరం ఉంటుంది.