మన చదువుపై కావలి

గృహకృత్యములు ముగిసి, పిల్లలు నిద్రించిన పిదప నొక పుస్తకము చేతబట్టి కూర్చుండు నరగంట స్త్రీలకు మిక్కిలి విలువైనది. ఆ సమయమున ఏ పుటయొద్ద నాగితిమో, దేనిని రెండుమారులు చదివితిమో, ఏ గ్రంథమును సగములో విడిచితిమో యితరు లెరుగరు. ఎరుగవలసిన పనియు లేదు. నోముల పుస్తకము క్రింద నవల దాచుకొని చదివిన పెద్దమ్మల కథలు మనము వినియే యున్నాము. ఆ దినములు గడచినవని సంతసించుచుండగా, ఈ-పుస్తకముతోపాటు మఱియొక కన్ను మన చదువుపై బడినది.

కాగితపు పుస్తకమును కొన్నచో నది మన సొత్తు. పొరుగమ్మకు ఎరువిచ్చినను, ఆడపడుచునకు కానుకగా నిచ్చినను అడుగువారుండరు. ఈ-పుస్తకమునకు మనము చెల్లించు సొమ్ము సాధారణముగా దానిని చదువుకొనుటకిచ్చు లైసెన్సునకే. ఒకరు కొన్న ప్రతిని పదిమందికి పంచకుండ దానికొక తాళము వేయుదురు. ఆ తాళము తీయు సాఫ్ట్‌వేరు మనకొక గుర్తును, మన ఫోనునకో కంప్యూటరునకో వేరొక గుర్తును ఏర్పరచి, వీరికి లైసెన్సు కలదా యని కంపెనీవారి కంప్యూటరు నడిగి తెలిసికొనును. గ్రంథాలయమునుండి తెచ్చుకొన్న పుస్తకమైనచో గడువు తీరగనే తెరచుకొనుట మానును. రచయిత కష్టము దొంగలపాలు గాకుండ నింతమాత్రము చేయుట న్యాయమే. కలమును నమ్ముకొని బ్రతుకు స్త్రీలు మనలోను కలరు గదా!

అయితే యీ పరీక్ష యంతటితో నాగినదా? అడోబ్ అను అమెరికా కంపెనీవారి ‘డిజిటల్ ఎడిషన్స్’ అను సాఫ్ట్‌వేరు తాళము గల ఈ-పుస్తకములను చదువుటకు బహుళముగా వాడబడునది. గ్రంథాలయముల పాఠకులును దానిని వాడుదురు. దాని 4వ కూర్పు పాఠకులు చదువు పుస్తకము పేరును, వారు తెరచిన పుటలను కంపెనీకి పంపుచున్నదని 2014 అక్టోబరులో బయటపడెను. ఆ సమాచారమును రహస్యలిపిలోనికి మార్చకయే పంపుటచే, పోస్టుకార్డుమీది వ్రాతవలె త్రోవలోనివారు చదువుటకు వీలయ్యెను. లైసెన్సును సరిచూచుటకే దీనిని సేకరించుచున్నామని కంపెనీవారు చెప్పిరి. కొందరు ప్రచురణకర్తలు చదివిన కాలమునుబట్టియు, కొందరు చదివిన భాగమునుబట్టియు వెల కట్టవచ్చునట! ఆ నెలలోనే సాఫ్ట్‌వేరును సవరించి, సమాచారమును రహస్యలిపిలో పంపు ఏర్పాటు చేసిరి. కార్డును కవరులో పెట్టిరి గాని, ఉత్తరము వ్రాయుట మానలేదు.

మా యాక్షేపణ మిచ్చటనే. ఇల్లు అద్దెకిచ్చినవారు నెలకొకమారు వచ్చి అద్దె యడుగుట వేరు. మనమే గదిలో నెంతసేపు కూర్చుంటిమో వ్రాసికొనుటకు మనిషిని నిలుపుట వేరు. లైసెన్సు కలదో లేదో తెలియుటకు ఒక ప్రశ్న చాలును. ఏ పుట చదివితిమన్నది దానికి జవాబు కాదు.

స్త్రీలకిది సామాన్యమైన సంగతి కాదు. గర్భకోశవ్యాధిని గూర్చియో, మనోవ్యాధిని గూర్చియో, విడాకుల చట్టమును గూర్చియో ఒక యిల్లాలు రహస్యముగా చదువుకొనవలసి రావచ్చును. తన్నెవరో చూచుచున్నారని తోచిన నామె యా పుస్తకమునే తెరువదు. పైగా మన యిండ్లలో ఖాతా తరచుగా భర్త పేరనో కుమారుని పేరనో యుండును. మా యింటను ఒకే ఖాతా నలుగురికి చెల్లుచుండెను. రాత్రి మేము చదివి విడిచిన పుస్తకము ఉదయమున మఱియొకరి ఫోనులో అదే పుటయొద్ద తెరచుకొనెడిది. మాకది నవ్వులాట, మఱియొక యింట నది కలహమునకు కారణము కావచ్చును.

ఈ మర్యాదను గ్రంథాలయములవా రెన్నడో గుర్తించిరి. పాఠకుల స్వవిషయములను గోప్యముగా నుంచుట గ్రంథాలయాధికారి ధర్మమని అమెరికా గ్రంథాలయ సంఘమువారు 1939లోనే తమ నియమావళిలో చేర్చిరి. మన యూరి గ్రంథాలయమున పుస్తకము తీసికొన్నప్పుడు పేరును తేదీని వ్రాసికొందురు. తిరిగి యిచ్చునప్పుడు ఎన్ని పుటలు చదివితివమ్మా యని యడుగరు. అయినను పుస్తకములు భద్రముగనే తిరిగి వచ్చుచున్నవి.

మన దేశమునను చట్టము కొంత ముందునకు వచ్చినది. ఏకాంతత పౌరుల ప్రాథమిక హక్కని సుప్రీముకోర్టులో తొమ్మండుగురు న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24వ తేదీన ఏకగ్రీవముగా తీర్పు చెప్పిరి. 2023లో పార్లమెంటు వ్యక్తిగత సమాచార రక్షణకై యొక చట్టము చేసెను. సమ్మతి యడుగునప్పుడు సులభమైన మాటలలో నడుగవలెననియు, ఇంగ్లీషునగాని, రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని భాషలలో కోరినదానియందుగాని దానిని చదువుకొను వీలుండవలెననియు అందు గలదు. ఆ భాషలలో తెలుగొకటి. చెప్పిన పనికి అవసరమైన సమాచారమునకు మించి యా సమ్మతి చెల్లదు. పౌరుని గూర్చి చెప్పునప్పుడెల్ల ‘ఆమె’ యను సర్వనామమునే యా చట్టము వాడుట మనకు ముచ్చట గొలుపును. దాని నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడి, అంచెలంచెలుగా అమలునకు వచ్చునట్లు ఏర్పరుపబడినవి.

కాని చట్టము మన యింటికి వచ్చి మనకై చదివిపెట్టదు. సోదరీమణులారా, ‘అంగీకరించుచున్నాను’ అను మీట నొక్కుటకు ముందు అచ్చట వ్రాసినది చదువుడు. తెలుగున లేనిచో నడుగుడు. చదువు సమాచారమును పంపకుండ నిలుపు వీలు సెట్టింగులలో నున్నదేమో వెదకుడు. మీ చదువునకు మీ పేరనే ఖాతా యుంచుకొనుడు. తాళము లేని ప్రతి దొరకినచో దానినే కొనుడు. మిక్కిలి గోప్యమైన విషయమునకు కాగితపు పుస్తకమే మేలు. పుస్తకమునకు వెల చెల్లించుట మన ధర్మము. ఏ పుటయొద్ద మన కన్ను చెమర్చినదో చెప్పవలసిన బాకీ మాత్రము మనకు లేదు.