తాతకూ ఓ నాన్న!

సికింద్రాబాద్ నుంచి నాగ్‌పూర్ దారి పట్టి సుచిత్ర, కొంపల్లి, కండ్లకోయ దాటి మేడ్చల్ చేరేసరికి ‘హమ్మయ్య, సిటీ అయిపోయింది’ అనిపిస్తుంది. ఎక్కడ అయిపోయింది! ఇంకాస్త ముందుకెళ్తే అత్వెల్లి. 44వ నంబరు జాతీయ రహదారి మీద లారీలు ఊపిరి తీసుకోకుండా పరుగెడుతుంటాయి. పక్కనే గోదాములు, వెంచర్ల జెండాలు, ప్లాట్ల బోర్డులు. రోడ్డు దిగి ఊళ్లోకి మళ్లితే మాత్రం వేగం తగ్గిపోతుంది. చెట్టు నీడన అరుగు, దాని మీద తెల్లపంచెల తాతలు. వాళ్లలో ఒకాయన్ని వెతుక్కుంటూ కొడుకొస్తాడు. ‘‘బాపూ, గోలీలేసుకున్నవా?’’ అని గదమాయిస్తాడు. ఆ అడిగినాయనకే అరవై దాటాయి. ఇంట్లో మనవలు ఆయన్నీ తాతా అనే పిలుస్తారు!

ఇలాంటి దృశ్యం ఇప్పుడు ఏ ఊళ్లోనూ వింత కాదు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ల దగ్గర ఉండేది. ఇప్పుడు 70కి అటూఇటూ. అలాగని అప్పట్లో అందరూ ముప్ఫై రెండుకే పోయారని కాదు. పసిగుడ్లుగా ఉండగానే చాలామంది రాలిపోయేవారు, లెక్క అందుకే అంత కిందికి ఉండేది. టీకాలు, మంచినీళ్లు, సర్కారు దవాఖానాలు, బీపీ షుగర్ల మందులు... అన్నీ కలిసి ఆ లెక్కను మార్చేశాయి. 1951లో అరవై దాటినవాళ్లు దేశం మొత్తమ్మీద దాదాపు 2 కోట్లు. 2011 జనాభా లెక్కలకు 10 కోట్ల 40 లక్షలు.

మన పెద్దలు అరవై నిండితే షష్టిపూర్తి చేశారు. మృత్యువును దాటి వచ్చినంత సంబరం అది. వెయ్యి పున్నములు చూసినవారికి సహస్ర చంద్ర దర్శనం. లెక్కకడితే దాదాపు 81 ఏళ్లు. ఆ పండగ చేసుకున్నవారి గురించి ఊరంతా చెప్పుకునేది. ఇప్పుడో... కొడుకు షష్టిపూర్తి పీటల మీద కూర్చుంటే అక్షింతలు వేయడానికి తల్లి ఉంటోంది. ఎంత అదృష్టం! కాదని ఎవరంటారు? కాకపోతే ఆ మర్నాటి నుంచి ఆ ఇంట్లో ఇద్దరు ముసలివాళ్లు.

ఇద్దరు కూడా కాదు. కోడలినీ లెక్కపెట్టాలి. ఎనభై అయిదేళ్ల అత్తగారిని లేపి, స్నానం చేయించి, జావ తాగించే కోడలికి యాభై ఎనిమిది. ఆమెకూ మోకాళ్లు పట్టేస్తాయి. ఆమెకూ షుగర్. ముసలితనంలో చేసే సేవ గురించి మాట్లాడేవాళ్లు కొడుకు పేరే చెబుతారు గానీ, చేసే చేతులు ఎవరివో ప్రతి ఇంటికీ తెలుసు.

అత్వెల్లి లాంటి ఊళ్లలో దీనికి ఇంకో మెలిక ఉంది. అది భూమి. ఒకప్పుడు మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ద్రాక్షతోటలు విరివిగా ఉండేవి. అనాబ్-ఎ-షాహీ గుత్తులు ఇక్కణ్నుంచే బజారుకు వెళ్లేవి. తర్వాత సిటీ పెరిగింది, ఔటర్ రింగురోడ్డు వచ్చింది, తోటలు ప్లాట్లయ్యాయి. ఎకరాల్లో మాట్లాడినవాళ్లు గజాల్లో మాట్లాడుతున్నారు. పాతకాలంలో తండ్రి పోయేసరికి కొడుక్కి ముప్ఫయ్యో నలభయ్యో. నాగలితోపాటే పొలం కూడా చేతికొచ్చేది. ఇప్పుడు తండ్రికి ఎనభై ఏడు, పట్టా ఆయన పేరు మీదే. కొడుక్కి అరవై. మనవడికి ముప్ఫై అయిదు, వాడికి అప్పులు, ఆశలు. మూడు తరాలు ఒక్క వేలిముద్ర కోసం చూస్తుంటాయి. పైగా ఆడపిల్లలకూ వాటా ఉంది. 1985లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ హక్కు ఇచ్చింది, 2005లో దేశమంతా వచ్చింది.

పోరు పడలేక కొందరు బతికుండగానే రాసిచ్చేస్తారు. రాసిచ్చాక అన్నం గిన్నె ఎవరింటి దగ్గర అన్నది వంతులకొస్తుంది. నెల ఇక్కడ, నెల అక్కడ. నెలకు ముప్ఫై ఒక్క రోజులుంటే ఆ ఒక్కరోజు ఎవరిదన్న పేచీ కూడా!

2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ఇలాంటివాళ్ల కోసమే. పిల్లలు చూడకపోతే ట్రైబ్యునల్‌కు, అంటే ఆర్డీవో స్థాయి అధికారికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. వకీలు అక్కర్లేదు. చూసుకుంటామన్న షరతుతో రాయించుకుని తర్వాత వదిలేస్తే 23వ సెక్షన్ కింద ఆ దస్తావేజును రద్దు చేయించొచ్చు. ఆ షరతు ఉన్నట్టు రుజువుండాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో మరో కేసులో, ఈ చట్టాన్ని వృద్ధుల మేలు చూసి ఉదారంగా అర్థం చేసుకోవాలంది. అయినా నోటిమాటను నమ్ముకోవడం ఎందుకు? ‘మమ్మల్ని చూసుకోవాలి’ అన్న ఒక్క వాక్యం కాగితం మీద రాయించుకోవడం కొడుకును అనుమానించినట్టేమీ కాదు.

భూమి లేనివాళ్లకు ఆసరా పింఛనే దిక్కు. 2014లో 1000 రూపాయలతో మొదలై 2019లో 2016 రూపాయలైంది. అర్హత వయసు 65 నుంచి 57కి తగ్గింది. కానీ వృద్ధాప్య పింఛను ఇంటికి ఒక్కరికే అన్నారు. తల్లీ కొడుకూ ఇద్దరూ ముసలివాళ్లైన ఇల్లు ఒకటుంటుందని ఆ నిబంధన రాసినవాళ్లు ఊహించినట్టు లేరు.

ఇక మేడ్చల్, శామీర్‌పేట దారుల్లో వృద్ధాశ్రమాల బోర్డులు కనిపిస్తూనే ఉంటాయి. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న పిల్లలు డబ్బు పంపితే నడిచేవి కొన్ని, దాతల మీద నడిచేవి కొన్ని. అత్వెల్లి అరుగు మీద మాత్రం వాటి మాటెత్తితే మాట మార్చేస్తారు. దగ్గర్లో ఉన్నా అదొక దూరదేశమే వాళ్లకు.

అవ్వలు ఇంకో దారి కనిపెట్టారు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కదా! కొడుకింట్లో చిన్నబుచ్చుకుంటే బిడ్డ ఇంటికి, అక్కడ అల్లుడు మొహం ముడిస్తే చెల్లెలింటికి. పొద్దున్నే రోడ్డు మీదికొచ్చి నిలబడతారు. చేతిసంచిలో రెండు చీరలు, మందుల కవరు, ఆధార్ కార్డు. కండక్టర్ జీరో టికెట్ కొట్టి చేతిలో పెడతాడు. దాన్ని జాగ్రత్తగా కొంగున ముడేసుకుని కిటికీ పక్క సీటు వెతుక్కుంటారు.