బోడ్రుములో ఆర్టెమిసియా రాణి

టర్కీ దేశమునకు నైరృతి మూలను, ఈజియను సముద్రపు టొడ్డున బోడ్రుము అను పట్టణము కలదు. వేసవిలో సముద్రస్నానములకై దేశదేశములవారు వచ్చి దిగు విహారస్థలమది. కొండవాలున తెల్లసున్నము పూసిన యిండ్లు, గోడలమీద కాగితపుపూల తీగలు, రేవులో కొయ్యనావలు, రేవునకు కాపువలె నిలిచిన పాతకోట, దూరమున గ్రీకువారి కోస్ ద్వీపము, అన్నియు చూడ ముచ్చటగనే యుండును. కాని మేము పోయినది ఒక సమాధిని చూచుటకు.

ఈ పట్టణమునకు పూర్వనామము హాలికర్నాసస్సు. చరిత్రకారుడైన హెరోడోటసు జన్మించిన దిచ్చటనే. క్రీ. పూ. 4వ శతాబ్దిలో మౌసోలసు అను నతడు పారశీక చక్రవర్తికి లోబడి కేరియా దేశము నేలుచు, దీనిని రాజధానిగా జేసికొనెను. అతని భార్య ఆర్టెమిసియా. ఆమె యతనికి తోబుట్టువు కూడ. మన చెవులకు కఠోరమైన మాటయే కాని ఆ రాజకుటుంబమున నట్టి వివాహములు జరిగెను. క్రీ. పూ. 353లో నతడు చనిపోగా ఆమె రాజ్యమునకు వచ్చి, సమాధిమందిరమును కట్టించెను. చుట్టును 36 స్తంభములు, వానిపైన 24 మెట్ల శిఖరము, దాని కొనను నాలుగు గుఱ్ఱముల రథము ఉండెనని ప్లినీ వర్ణించినాడు. ప్రాచీనులు దానిని ఏడు వింతలలో నొకటిగ నెంచిరి. నేటికిని ఆంగ్లేయులు గొప్ప సమాధుల నన్నిటిని అతని పేరుబట్టి మౌసోలియము లందురు. భార్యకై షాజహాను కట్టించిన తాజమహలును సైతము! కట్టించిన యామె పేరు ఆ మాటలో లేదు.

ఆమెను గూర్చి లోకము తఱచుగ చెప్పుకొను కథ యొకటే: భర్త చితాభస్మమును పానీయములో కలుపుకొని త్రాగినదని. యూరోపు చిత్రకారులు పాత్ర చేతబట్టిన యామెనే చిత్రించిరి. మఱియొక కథను విట్రూవియసు అను రోమను వాస్తుశాస్త్రజ్ఞుడు వ్రాసినాడు. స్త్రీ యేలుట సహింపలేక రోడ్సు ద్వీపమువారు ఓడలతో దండెత్తి వచ్చిరట. ఆమె తన నావలను చాటురేవులో దాచి, పౌరులను ప్రాకారముపై నిలిచి శత్రువులకు స్వాగతము పలుకుడని నియమించెను. పట్టణము తమ స్వాధీనమైనదని మురిసి, వారు ఓడలను విడిచి లోనికి వచ్చిరి. అంతట దాగిన నావలు వెలువడి, ఆ వట్టి ఓడలను లాగుకొనిపోయెను. దిగినవారు నడివీధిలో హతులైరి. ఆ యోడలకే విజయసూచకముగ ఆకుదండలు కట్టించి ఆమె రోడ్సునకు పోగా, తమవారే గెలిచి వచ్చుచున్నారని అచ్చటివారు లోనికి రానిచ్చిరి! కోటగోడపై నిలిచి రేవును చూచుచు మేము తలచుకొన్న కథ యిదియే. భస్మము త్రాగిన యామెకన్న ఈమెయే మాకు నచ్చినది.

రెండేండ్లకే, క్రీ. పూ. 351లో, ఆమెయు చనిపోయెను. శిల్పులు తమ కీర్తికొఱకు పని విడువక ముగించిరని ప్లినీ వ్రాసెను.

ఇప్పు డచ్చట నున్నది, ఇండ్ల నడుమ నొక పల్లపు గుంట. విఱిగిన స్తంభపు దిమ్మెలు, కొన్ని మెట్లు, గడ్డి. భూకంపములు కూల్చినదానిని మనుష్యులు ముగించిరి. 15వ శతాబ్దిలో సెయింట్ జాన్ సంఘపు క్రైస్తవ యోధు లీ కోటను కట్టుచు, 1522 వఱకు సమాధిరాళ్లను పెఱికి తెచ్చిరి. పాలరాతిని సున్నముగ కాల్చిరి. మిగిలిన శిల్పములలో పెక్కు 1846లోను, 1857 ప్రాంతమునను లండను బ్రిటిషు మ్యూజియమునకు చేరినవి. వానిలో వీరస్త్రీలగు అమెజానులు గ్రీకులతో పోరాడు పలకలు కలవు. మన కృష్ణాతీరపు అమరావతి స్తూపపు పలకలును ఆ మ్యూజియముననే యున్నవి. అచ్చటికిని పోని పలకలలో కొన్ని సున్నపుబట్టీల పాలైనవే. ఎంత దూరపు ఊళ్లకు ఎట్టి చుట్టఱికము!

కోటలో గోడవెంబడి నడచుచు, పచ్చనిఛాయ గల పెద్దరాయి కనబడినప్పుడెల్ల, ఇది యామె తెప్పించినది కాబోలునని నిలిచి తాకి చూచితిమి. ఒక గోడయైనను పూర్తిగ చూడకమునుపే కోట మూయువేళ యైనది.