ఏ రోజు మన్నా ఆ రోజుకే



ఏప్రిల్ వచ్చిందంటే మా పల్లె సంఘంలో ప్రార్థన మనవులు మారిపోతాయి. మిరప కోతలు అయిపోతాయి, కల్లాల మాట తగ్గి పరీక్షల మాట మొదలవుతుంది. హాల్ టికెట్టు, పెన్ను తెచ్చి బల్ల మీద పెట్టి ప్రార్థన చేయమంటారు. నీట్ పరీక్షకు పెన్ను లోపలికి తీసుకెళ్లనివ్వరు, వాళ్లే ఇస్తారు. ఆ సంగతి చెప్పినా తల్లులు తెస్తూనే ఉంటారు, మేమూ సంతోషంగానే ప్రార్థిస్తాం. కానీ ఆ పెన్ను పట్టే బిడ్డ రోజులు ఎలా గడుస్తున్నాయో కూడా ప్రార్థనలో పెట్టవలసిన సంగతే. ఈసారి దాని గురించి రాస్తున్నాం.

మా సంఘంలో ఒక ఆడబిడ్డ కిందటేడు నీట్ రాసింది. సీటు రాలేదు. లాంగ్ టర్మ్ కోచింగుకు, హాస్టలుకు కట్టే శక్తి ఆ ఇంటికి లేదు. ఇంట్లోనే చదివి మళ్లీ రాస్తానంది. గోడకు టైమ్ టేబుల్ అంటించుకుంది: ఉదయం 4 నుంచి రాత్రి 11:30 దాకా, మొత్తం 15 గంటల చదువు. వారం తిరిగేసరికి నాలుగు పాఠాలు వెనకబడింది. ఇంకో కాగితం రాసి దాని మీద అంటించింది. మేము చూడబోయిన రోజుకి గోడ మీద ఒకదానిపై ఒకటి నాలుగు కాగితాలున్నాయి.

వాళ్లమ్మ కూలికి వెళ్లే మనిషి. మమ్మల్ని కూర్చోబెట్టి నెమ్మదిగా అడిగింది: "అయ్యగారూ, ఈ ఒక్క ఏడాదికి దీన్ని ఆదివారం ఆరాధన మానిపిద్దామనుకుంటున్నాం. మూడు గంటలు కలిసొస్తాయి. దేవుడేమీ అనుకోడు కదండీ?"

ఆమె భక్తి లేక అడగలేదు. గంట పనికి ఎంత వస్తుందో తెలిసిన మనిషి కాబట్టి అడిగింది. పాపమని భయపెట్టడం మాకు ఇష్టం లేకపోయింది. సరే మానిపించమ్మా అనడానికీ నోరు రాలేదు. అమ్మగారు బైబిలు తీసి నిర్గమకాండము 16వ అధ్యాయం తల్లీకూతుళ్ల చేతే చదివించారు.

మన్నా సంగతి మనకందరికీ తెలిసిందే. అయితే ఆ అధ్యాయంలో ఒక పెద్ద టైమ్ టేబుల్ ఉంది, గమనించారా? ఆ జనం ఐగుప్తులో రోజుకిన్ని ఇటుకలని లెక్క అప్పజెప్పి బతికినవాళ్లు. లెక్క తగ్గితే దెబ్బలు. అలాంటివాళ్లకు దేవుడు ముందుగా నేర్పింది ఎంత పోగుచేయాలి, ఎప్పుడు చేయాలి, ఎప్పుడు ఆపాలి అన్నదే. పది ఆజ్ఞలు ఆ తరువాతి మాట. ఆ రోజు ఆ అధ్యాయం ముందు పెట్టుకునే ఆ బిడ్డ, అమ్మగారు, మేము కలిసి కొత్త కాగితం రాశాం.

మొదటిది కొలత. తలకు ఒక ఓమెరు అన్నాడు దేవుడు. ఎక్కువ ఏరినవాడికి మిగల్లేదు, తక్కువ ఏరినవాడికి తగ్గలేదు. అందుకని ఆ బిడ్డను ఒక వారం పాటు చదవాలనుకున్నది కాక, నిజంగా చదివిన గంటలు మాత్రమే క్యాలెండరు వెనక రాయమన్నాం. వంట, నీళ్లు, తమ్ముడి పని, కరెంటు పోవడం అన్నీ పోగా రోజుకు ఏడున్నర గంటలు తేలింది. ఎనిమిదికి ప్లాను వేశాం. హాస్టల్లో ఉన్న స్నేహితురాలు 14 గంటలు చదువుతోందట. ఉండనీ. ఆమె కొలత ఆమెది.

రెండవది వేళ. ఎండ ఎక్కితే మన్నా కరిగిపోయేది. మా ఊళ్లో రేకుల ఇంట్లో ఏప్రిల్ మధ్యాహ్నం చదువు కూడా అంతే. అందుకని ఉదయం 4:30 నుంచి 7:30 దాకా ఫిజిక్స్ లెక్కలు. 10 నుంచి 1 దాకా బయాలజీ. ఆ మూడు గంటలు మందిరంలో కూర్చోమన్నాం. స్లాబు కింద చల్లగా ఉంటుంది, ఫ్యానుంది, వారం రోజులూ ఖాళీగానే ఉంటుంది. సాయంత్రం 5 నుంచి 7 దాకా కెమిస్ట్రీ. 180 ప్రశ్నల్లో 90 బయాలజీవే, ఫిజిక్స్, కెమిస్ట్రీ 45 చొప్పున. మరి ఫిజిక్స్‌కి అన్ని గంటలెందుకంటే, బయాలజీ చదివితే వస్తుంది, ఫిజిక్స్ కాగితం మీద చేస్తేనే వస్తుంది. రాత్రి 9:30కి దీపం ఆర్పేయాలి. నిద్ర దేవుడిచ్చే ఈవి అని 127వ కీర్తన చెబుతుంది కదా.

మూడవది మిగులు. రేపటికని దాచిన మన్నా పురుగు పట్టింది. ఈ రోజు పూర్తికాని పాఠాన్ని రేపటి మీద వేస్తే రేపటిదీ చెడుతుంది, ఎల్లుండిదీ చెడుతుంది. నాలుగు కాగితాలు అలా పుట్టినవే. కాబట్టి మిగిలిన పాఠం పేరు ఒక చీటీ మీద రాసి పక్కన పెట్టాలి, మరునాడు మరునాటి పాఠమే చదవాలి. చీటీలన్నీ శనివారం తీయాలి.

నాలుగవది ఆరవ రోజు. ఆ రోజు రెండింతలు ఏరుకోమన్నాడు. శనివారం ఉదయం చీటీల పని. మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా, అసలు పరీక్ష జరిగే వేళకే, ఒక పూర్తి పేపరు. 2025 నుంచి 180 ప్రశ్నలకు 180 నిమిషాలే. 2021 నుంచి 2024 దాకా ఛాయిస్ ప్రశ్నలు, 2022 నుంచి 2024 దాకా అదనంగా 20 నిమిషాలు ఉండేవి కాబట్టి ఆ పేపర్లు చేసేటప్పుడు చూసుకోవాలి. సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు 1 కోత. తెలియని ప్రశ్నను వదిలేయడం కూడా సాధన చేస్తేనే వస్తుంది. రాత్రి తప్పుల్ని ఒక నోటుబుక్కులో రాసుకోవాలి.

ఇక ఆదివారం. ఏడవ రోజున కూడా కొందరు ఏరుకోవడానికి వెళ్లారు, వాళ్లకేమీ దొరకలేదు. ఆ వచనం చదివినప్పుడు వాళ్లమ్మ నవ్వింది. ఆ బిడ్డ ఆరాధనకు వస్తుంది, పాటల దగ్గర నిలబడుతుంది, ఇంటికెళ్లి అన్నం తిని పడుకుంటుంది, సాయంత్రం నాయనమ్మ దగ్గర కూర్చుంటుంది. పుస్తకం తెరవదు. మొదటి ఆదివారం భయమేసిందని చెప్పింది. పుస్తకం పట్టుకోని రోజున కూడా దేవుడు తన సంగతి చూసుకుంటాడని నమ్మడం ఆమెకు ఫిజిక్స్ కన్నా కష్టమైందట. మాకు ఆ మాట చాలా రోజులు గుర్తుండిపోయింది.

మరి పరీక్షే ఆదివారం వస్తే? 2024లో మే 5, 2025లో మే 4, రెండూ ఆదివారాలే. కొందరు విశ్వాసులు మనస్సాక్షి బాధతో అడుగుతున్నారు. విశ్రాంతిదినాన గుంటలో పడ్డ గొర్రెను పైకి తీయరా అని మన ప్రభువు అడిగాడు, ఆ రోజే ఊచచెయ్యి గలవాణ్ణి బాగుచేశాడు. వైద్యం నేర్చుకోబోయే బిడ్డ ఆ రోజు పరీక్ష రాయడానికి ఆయన అడ్డుపడడు. మధ్యాహ్నం 1:30కి గేటు వేసేస్తారు కాబట్టి, పరీక్ష ఆదివారం నాడు మా ఆరాధన ఉదయం 6 గంటలకే పెడదామని పెద్దలు ఒప్పుకున్నారు. ప్రార్థన చేసుకుని బస్సెక్కవచ్చు.

తల్లిదండ్రులారా, ఒక మాట. ప్రార్థన చేస్తే సీటు ఖాయమని మేము ఎవరికీ చెప్పం. ఆరాధన మానకపోతే మార్కులు పెరుగుతాయనీ చెప్పం. వాక్యంలో అలాంటి వాగ్దానం మాకు కనబడలేదు. ఫలితాలు వచ్చిన రోజుల్లో మన రెండు రాష్ట్రాల్లో పసిబిడ్డలు ప్రాణం తీసుకున్న వార్తలు ఏటా చదువుతున్నాం. మీ బిడ్డ తక్కువ ఏరుకొచ్చిన రోజున కూడా ఆ పూట అన్నం, ఆ ఇంట్లో చోటు, మీ ముఖంలో ప్రేమ తగ్గకూడదు. ఆ మాట ఫలితం వచ్చాక కాదు, ఇప్పుడే మీ నోటితో చెప్పండి.

ఆ బిడ్డ ఇంకా పరీక్ష రాయలేదు. సీటు వచ్చాక సాక్ష్యంగా రాద్దామని మేము ఆగలేదు. గోడ మీద ఇప్పుడు ఒక్క కాగితమే ఉంది. పన్నెండు వారాలుగా అదే ఉంది. మీ ఇంట్లో కూడా పరీక్ష రాసే బిడ్డ ఉంటే ఈ రాత్రి కలిసి నిర్గమకాండము 16 చదవండి, తరువాత ఆ టైమ్ టేబుల్ వైపు చూడండి.

ప్రభువు మీ బిడ్డలకు ఏ రోజుకు కావలసిన బలం ఆ రోజు దయచేయును గాక. ఆమేన్.