హార్డ్ డిస్కుల్లో ఆగిపోయే సినిమాలు

డాక్యుమెంటరీకి కెమెరా పట్టడం ఇవాళ పెద్ద కష్టం కాదు. మంచి కెమెరా అద్దెకు దొరుకుతుంది, ఫోనుతోనూ పని నడుస్తుంది. తీసినదాన్ని సినిమాగా నిలబెట్టడమే కష్టం. షికాగోకు పడమట నేపర్‌విల్‌లో ఉంటూ, కొన్నేళ్లుగా ఒక తెలుగు డాక్యుమెంటరీకి ఫుటేజీలోని మాటలు రాసి, ఇంగ్లిష్ చేసి ఇస్తున్నాను. అందువల్ల ఈ కష్టాన్ని దగ్గరగా చూస్తున్నాను.

దర్శకురాలు మా కరీంనగర్ వైపు అమ్మాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, సెలవులన్నీ కూడబెట్టుకుని జగిత్యాల పల్లెలకు వెళ్లి, గల్ఫ్‌కు పోయినవాళ్ల ఇళ్లలో ఏళ్లపాటు చిత్రీకరించింది. జీతంతో, స్నేహితుల చందాలతో షూటింగ్ గట్టెక్కింది. అక్కడితో పని ఆగింది. ఇల్లు కట్టించినవాళ్లకు తెలుసు, గోడలు లేచేదాకా ఒక లెక్క, పూతలూ తలుపులూ కరెంటూ మొదలయ్యాక ఇంకో లెక్క. ఎడిటర్ నెలల తరబడి కూర్చోవాలి, వారం వారం జీతం ఇవ్వాలి. ఆపైన సౌండ్ మిక్సింగ్, కలర్ గ్రేడింగ్, సంగీతం, టీవీ వార్తల పాత దృశ్యాల హక్కులు, ప్రసారానికి ముందు చానళ్లు అడిగే బీమా. 'షూటింగ్ అయిపోయిందిగా, ఇంకా డబ్బెందుకు?' అని అడిగే దాతకు ఇదంతా వివరించడం ఆమెకు సినిమా తీయడంకన్నా కష్టమైంది.

ఇదేమీ కొత్త కథ కాదు. మా షికాగోలోనే తయారైన 'హూప్ డ్రీమ్స్' అరగంట చిత్రంగా మొదలైంది. ఇల్లినాయ్ ఆర్ట్స్ కౌన్సిల్ ఇచ్చిన చిన్న గ్రాంటే తొలి పెట్టుబడి. ఇద్దరు నల్లజాతి పిల్లలు బాస్కెట్‌బాల్ ఆటలో పైకి రావాలని పడే తపనను స్టీవ్ జేమ్స్, ఫ్రెడరిక్ మార్క్స్, పీటర్ గిల్బర్ట్ ఏళ్లపాటు వెంబడించారు. 250 గంటల ఫుటేజీ చేరింది. మెకార్థర్ ఫౌండేషన్ 2,50,000 డాలర్లు ఇచ్చింది. చివరికి 1994లో మూడు గంటలకు కాస్త తక్కువ నిడివితో సినిమా బయటికొచ్చింది. ఆస్కార్ డాక్యుమెంటరీ విభాగంలో దానికి చోటు దక్కలేదు గానీ, ఎడిటింగ్ విభాగంలో నామినేషన్ వచ్చింది. నాకది న్యాయంగానే అనిపిస్తుంది. ఆ సినిమా పుట్టింది ఎడిటింగ్ గదిలోనే.

దాన్ని నిర్మించిన కార్టెంక్విన్ ఫిల్మ్స్ 1966 నుంచి ఇక్కడ పనిచేస్తోంది. ఇంకా పూర్తికాని సినిమాలను చూపించి, చూసినవాళ్ల చేత మాట్లాడించే కూటాలు నడపడం వాళ్ల మంచి పనుల్లో ఒకటి. అదే పద్ధతిలో కొందరు మిత్రులు మా అమ్మాయి రఫ్ కట్‌ను ఒక లైబ్రరీ గదిలో వేశారు. దర్శకురాలు సమర్థించుకోకూడదు, వినాలి, రాసుకోవాలి, అంతే.

సినిమా అయిపోగానే ఒక రిటైర్డ్ టీచరు అడిగింది, 'ఇంతకీ ఎవరు ఎవరికి బాకీ?' అని. ఏజెంటుకు కట్టిన డబ్బు, దానికోసం ఊళ్లో తెచ్చిన అప్పు, నెలనెలా పెరిగే వడ్డీ, వీటి గురించి సినిమాలో ఎక్కడా తిన్నగా చెప్పలేదు. మాకు చిన్నప్పటినుంచీ తెలిసిన సంగతి కాబట్టి ఆ లోటు మా కంటికి ఆనలేదు. దుబాయ్‌లో కొడుకు ఒళ్లు బాగాలేకపోయినా ఎందుకు తిరిగి రాడో ఆ అప్పు తెలియనివాళ్లకు అర్థం కాదు.

అదే రోజు ఎడిటరుకూ నాకూ వాదన జరిగింది. అతనికి తెలుగు రాదు, నేను రాసిచ్చిన కాగితాలు చూసుకుంటూ కోస్తాడు. తల్లీకొడుకుల ఫోన్ మాటల్లో మొదటి భాగం తీసేశాడు. 'తిన్నవా? ఏం కూర? వాన పడ్డదా?' ఇదే తిరగా మరగా వస్తోంది, కథ కదలడం లేదన్నాడు. కథంతా అందులోనే ఉందని నేను పట్టుబట్టాను. పైసలు పంపలేనని కొడుకూ, బ్యాంకువాళ్లు వచ్చి పోయారని తల్లీ చెప్పలేక కూరల చుట్టూ తిరుగుతున్నారు. అతను ఆ భాగాన్ని మళ్లీ పెట్టి రెండుసార్లు చూశాడు, ఉంచాడు. డబ్బుతోపాటు ఇలాంటి తోడు కూడా కావాలి. పరాయి కన్నూ కావాలి, ఇంటి చెవీ కావాలి.

డబ్బునూ ఇలాంటి తోడునూ కలిపి ఇచ్చే చోట్లు లేకపోలేదు. సన్‌డాన్స్ సంస్థ దర్శకులనూ ఎడిటర్లనూ పిలిపించి, అనుభవజ్ఞుల సమక్షంలో ఎడిటింగ్ చేయిస్తుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఇడ్ఫా బెర్తా ఫండ్ ఆసియా, ఆఫ్రికా దేశాల దర్శకులకు చేయూతనిస్తుంది. ఢిల్లీలో గద్దలకు వైద్యం చేసే అన్నదమ్ముల మీద షౌనక్ సేన్ తీసిన 'ఆల్ దట్ బ్రీత్స్' ఒక డెన్మార్క్ ఎడిటర్ చేతిలో రూపు దిద్దుకుని, 2022లో సన్‌డాన్స్‌లో ప్రపంచ డాక్యుమెంటరీ విభాగం గ్రాండ్ జ్యూరీ బహుమతి గెలిచింది.

అమెరికాలో ఇంకో పెద్ద ఆధారం ఐటీవీఎస్. 1988లో కాంగ్రెస్ చట్టంతో పుట్టిన ఈ సంస్థ, సగంలో ఉన్న సినిమాలకు పూర్తిచేసే డబ్బిచ్చి పబ్లిక్ టెలివిజన్‌కు చేరుస్తుంది. దాని నిధుల్లో ఎక్కువ భాగం కార్పొరేషన్ ఫర్ పబ్లిక్ బ్రాడ్‌కాస్టింగ్ నుంచే వచ్చేది. 2025 జూలైలో కాంగ్రెస్ ఆ కార్పొరేషన్‌కు రావలసిన 110 కోట్ల డాలర్లను రద్దు చేసింది, కార్పొరేషన్ మూతబడే దారి పట్టింది. వలస కార్మికుల మీద సినిమా తీసేవాళ్లకు ఇది చిన్న దెబ్బ కాదు.

అందుకే నా చూపు మనవాళ్ల వైపు తిరుగుతోంది. ఉత్తర అమెరికాలో మన సంఘాల మహాసభలకు సినిమా తారలను రప్పిస్తాం, వేదికలు కళ్లు చెదిరేలా కడతాం. అందులో తప్పేమీ లేదు, నేనూ పిల్లలతో వెళ్తాను. కానీ మన పల్లెల గురించి, మన వలసల గురించి తీసిన సినిమా సౌండ్ మిక్సింగ్‌కు డబ్బు లేక హార్డ్ డిస్కులో పడి ఉంటే నాకు బాధేస్తుంది. దారి కూడా ఉంది. లాభాపేక్ష లేని సంస్థ ఏదైనా సినిమాను తన గొడుగు కిందకు తీసుకుంటే, కొద్ది శాతం రుసుము పోను చందా అంతా సినిమాకు చేరుతుంది, ఇచ్చినవాళ్లకు పన్ను మినహాయింపూ దక్కుతుంది.

ఈ ఏడాది మా సంఘం కార్యవర్గం ముందు ఒక ప్రతిపాదన పెట్టాను. షూటింగ్ పూర్తయి ఎడిటింగ్‌లో ఆగిన తెలుగు డాక్యుమెంటరీకి ఏటా ఒక గ్రాంటు ఇవ్వాలి. దానితోపాటు మాటలు రాసిపెట్టడానికి, సబ్‌టైటిళ్లు సరిచూడడానికి మనలోంచి కొందరు ముందుకు రావాలి. ఎంపిక బాధ్యత మాత్రం కార్యవర్గానికి కాకుండా, ఎడిటింగ్ గదిలో ఏళ్లు గడిపిన ముగ్గురికి అప్పగించాలని రాశాను. ఏ సినిమాలో మన ఊరు అందంగా కనబడుతుందన్నది వాళ్లు చూడరు.