తీగపాకంలో కోడిముక్కలు

మా ఇంట్లో 35 ఏళ్లుగా తెగని తగాదా ఒకటుంది. పులుసులో బెల్లం. మాది హనుమకొండ, మా ఆవిడది కోనసీమ. బెండకాయ పులుసైనా, ఆనపకాయ ముక్కల పులుసైనా దించే ముందు ఆమె చెయ్యి దానంతటదే బెల్లం డబ్బా మీదికి పోతుంది. నా ముఖం దానంతటదే పక్కకి తిరుగుతుంది. పెళ్లయిన కొత్తలో ఒకసారి ధైర్యం చేసి, "కూరన్నంక కారంగ ఉండాలె, తియ్యగుంటే అది పాయసం" అన్నాను. "మీ అమ్మగారు పచ్చిపులుసులో చిటికెడు పంచదార వేసి, మూత పెట్టేయడం నేను చూశాను" అంది. మా అమ్మ దాన్ని చక్కెర అనేది, అంతే తేడా. వాదన అప్పటినుంచి అక్కడే ఆగి ఉంది.

అలాంటి నేను ఈ వయసులో స్టవ్ ముందు నిలబడి కోడిముక్కలకి బెల్లం పాకం పట్టించడానికి సిద్ధపడుతుంటే, ఆమె వంటింటి గుమ్మానికి ఆనుకుని ఒక్క మాటా అనకుండా చూసింది. ఏదో ఒకటి అంటే బాగుండేది.

దీనంతటికీ మూలం సియాటెల్. అమ్మాయి రెండో పురుటికని వెళ్లి ఆరు నెలలు దాని పక్కనే ఉన్న బెల్‌వ్యూలో ఉన్నాం. అక్కడ తెలుగువాళ్లకీ కొదవ లేదు, తెలుగు సరుకులకీ కొదవ లేదు. గోంగూర, సోనామసూరి, మామిడి అల్లం, అన్నీ దొరికాయి. హనుమకొండలో తిన్నదే అక్కడా తింటూ నాలుగు నెలలు గడిపేశాక, ఒక మధ్యాహ్నం అల్లుడు నన్నూ మనవరాలినీ పెట్రోలు బంకు పక్కనున్న చిన్న కొట్టుకి తీసుకెళ్లాడు. అయిదారు బల్లలు. గోడ మీద ఎండకి వెలిసిన వంటల ఫోటోలు. మూత డబ్బాలో గుండ్రంగా అచ్చుపోసిన అన్నం, దాని మీద వాలుగా కోసి పరిచిన చికెన్, ఓ మూల తియ్యటి రసం చల్లిన పచ్చి క్యాబేజీ తురుము. మనవరాలు ముందు ఆ క్యాబేజీ మీద పడింది. నేను చికెన్‌ని చూస్తూ కూచున్నాను. అంచులు నిప్పు తగిలి నల్లబడ్డాయి. మిగతా ఒళ్లంతా నూనె రాసిన ఎర్రచందనంలా మెరుస్తోంది. నోట్లో పెట్టుకుంటే మొదట తీపి, వెంటనే ఉప్పు, వెనకాల అల్లం, ఆ పైన కాలిన వాసన. తియ్యటి కూర అని తోసెయ్యడానికి సిద్ధపడే తిన్నాను. డబ్బా ఖాళీ అయ్యేదాకా ఆ సంగతి గుర్తు రాలేదు.

తెరియాకి అంటారు దాన్ని. మాట జపాన్‌ది, ఈ డబ్బా భోజనం మాత్రం సియాటెల్‌ది. తోషిహిరో కసహారా అని జపాన్ నుంచి వచ్చినాయన 1976లో ఆ ఊళ్లో చిన్న హోటల్ పెట్టి దీన్ని జనానికి అలవాటు చేశాడు. జపాన్ ఇళ్లల్లో తెరియాకి అంటే చేపలకి పేరు. సోయా సాస్‌లో సాకే అనే బియ్యపు సారా, మిరిన్ అనే తియ్యటి బియ్యపు సారా, కాస్త చక్కెర కలిపి మరిగించి, కాలుతున్న ముక్క మీద పూతగా పూస్తారు. కసహారా కోడిని ముందుకు తెచ్చాడు, మిరిన్ పని చక్కెరకి అప్పజెప్పాడు. తర్వాత కొరియా కుటుంబాలు కూడా ఈ వ్యాపారంలోకి దిగాయి. ఇప్పుడక్కడ తెరియాకి బోర్డు లేని వీధి వెతుక్కోవాలి, మనకి టిఫిన్ సెంటర్లలాగ.

ఆ మాటకి అర్థం తెలిశాక నాకు వంటకం మీద గౌరవం పెరిగింది. తెరి అంటే మెరుపు, యాకి అంటే కాల్చడం. పేరులో తీపి ఊసే లేదు. నిగారింపు కోసం చేసే వంట అది. తీపి దానికి పనిముట్టు.

ఈ గౌరవం చేతిలోకి రావడానికి మాత్రం ఒక పెనం బలయింది. హనుమకొండ తిరిగొచ్చిన రెండో ఆదివారం. మాంసం ఏదైనా ముందురోజే మసాలా పట్టించి పెట్టడం మన అలవాటు కదా. సోయా సాస్, తేనె, చక్కెర, అల్లం వెల్లుల్లి అన్నీ కలిపి ముక్కలకి దట్టంగా పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున్నే పెనం కాలాక నూనె వేసి ముక్కలు పేర్చాను. మొదటి నిమిషం కమ్మటి వాసన. రెండో నిమిషం పొగ. నాలుగో నిమిషానికి పెనం అడుగున తారు రోడ్డు వేసినట్టయింది. పక్కింటాయన ప్రహరీ మీంచి తొంగిచూసి "ఏం కాలవెడుతున్నరు సార్?" అని అడిగాడు. ముక్క విరిస్తే పైన బొగ్గు, లోపల ఎముక దగ్గర ఇంకా గులాబి రంగు.

తప్పెక్కడో నాకు అర్థం కాలేదు. తేనె తక్కువరకమనుకున్నాను, మంట ఎక్కువైందనుకున్నాను. మా ఆవిడ పెనం వంక చూసి ఒకటే అడిగింది. "ఏమండీ, తాపేశ్వరం కాజా నూనెలో వేయించి పాకంలో వేస్తారా, పాకంలో ముంచి నూనెలో వేస్తారా?"

అంతే. ఆ ఒక్క ప్రశ్నలో మొత్తం వంటకం ఉంది. కోడిముక్క లోపల 74 డిగ్రీలు తగలాలి, అప్పుడే అది తినదగిన మాంసం. పెనం మీద ఆ వేడి లోపలిదాకా చేరడానికి పది పన్నెండు నిమిషాలు పడుతుంది. చక్కెర అంతసేపు ఓపిక పట్టదు. 160 దాటితే రంగు మారుతుంది, ఇంకాస్త పోతే చేదెక్కుతుంది. తేనె సంగతి మరీ ఘోరం, అందులోని ఫ్రక్టోజ్ 110 దగ్గరే రంగు తిరగడం మొదలుపెడుతుంది. నేను బయటివాడిని మాడ్చి లోపలివాడిని నిద్ర లేపాలని చూశాను. కాజాలు తెలిసిన ఊరి మనిషికి ఇది పుట్టుకతో తెలిసిన విషయం. ముందు వేయించు, తర్వాత పాకం పట్టు.

ఇక్కడ నా పాత మొండితనం గురించి ఒక మాట. కారంలో తీపి కలవకూడదనే నేను, ప్రతి వేసవిలో మా అత్తగారింటినుంచి వచ్చే జాడీ కోసం ఎదురుచూసేవాణ్ణి. బెల్లం ఆవకాయ జాడీ. ఆవపిండి, కారం, ఉప్పు, నూనె, వాటి మధ్య బెల్లం పాకంలా కరిగి ముక్కకి పట్టుకుని ఉంటుంది. మూత తీస్తే ముక్క తళతళలాడుతుంది. తెరియాకి చూసి కొత్తగా ఉందనుకున్నాను గానీ, ఆ మెరుపు నాకు కంచంలో అలవాటే. మా ఆవిడ ఈ పాయింటు ఇన్నేళ్లూ వాదనలో ఎందుకు వాడలేదో తెలీదు. నేను మాత్రం గుర్తు చెయ్యలేదు.

రెండో ప్రయత్నానికి సరుకుల దగ్గరనుంచే జాగ్రత్త పడ్డాను. చికెన్ సెంటర్‌లో ఆదివారం రద్దీలో నిలబడి, "ముప్పావు కిలో, లెగ్ పీసులే, ఎముక తీసెయ్యి, తోలు మాత్రం ఉంచు" అంటే కత్తి పట్టుకున్న కుర్రాడు ఆగిపోయాడు. "తోలుతోనా సార్?" అన్నాడు. వెనకాల క్యూ అంతా నన్ను చూసింది. మా వాడలో స్కిన్‌లెస్ అనేది మర్యాదస్తుల మాట. కానీ ఈ వంటకి తోలు కావాలి. దానికింది కొవ్వు కరిగి తన నూనెలో తనే వేగుతుంది, ఆ కరకర మీదే పాకం నిలుస్తుంది. తొడ మాంసమే ఎందుకంటే రెండు నిమిషాలు ఎక్కువ ఉడికినా ఎండిపోదు. రొమ్ముముక్క అలా కాదు, కాస్త ఏమరితే పీచు.

కిరాణా కొట్లో నల్లబెల్లం అడిగాను. ఆ సేటు కళ్లజోడు సర్దుకుని నన్ను ఎగాదిగా చూశాడు. నాటుసారా బట్టీలకి పోతుందని దాని మీద ఆంక్షలున్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. రిటైరైన వాణ్ణి, కొత్త వ్యాపారం పెట్టానేమోనని అనుమానం కాబోలు. చివరికి అనకాపల్లి బెల్లంలోనే కాస్త ముదురు రంగుది తెచ్చుకున్నాను. తెల్లగా మెరిసే అచ్చుల్లో తీపి తప్ప ఇంకేమీ ఉండదు. ముదురు బెల్లంలో చెరకు వాసన, కొంచెం కారపు కాటు, నాలుక చివర ఉప్పదనం ఉంటాయి. సోయా సాస్ పక్కన నిలబడాలంటే ఆ మాత్రం దమ్ము ఉండాలి. మన బజారు సీసాల్లోని సోయా సాస్ ఉప్పుకషాయం, అది పడ్డాక వేరే ఉప్పు వెయ్యబోతే వంట చెయ్యి దాటిపోతుంది.

ముక్కల్ని పాత నూలు పంచెతో అద్ది అద్ది తుడిచాను. ఇది విసుగు పుట్టించే పని, మానెయ్యాలనిపిస్తుంది, మానెయ్యకూడదు. తడి ఉన్నంతసేపూ పెనం మీద వేడి 100 డిగ్రీల దగ్గరే తచ్చాడుతుంది, ముక్క ఆవిరికి ఉడుకుతుందే తప్ప ఎర్రబడదు. ఎర్రబడాలంటే 140 దాటాలి. మాంసంలోని మాంసకృత్తులూ చక్కెరలూ కలిసి ఆ వేడిలో చేసే పనిని 1912లో మయ్యార్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు కనిపెట్టి చెప్పాడు. దోసె అంచు, వేపిన వేరుశనగ, కాలిన రొట్టె, ఇవన్నీ ఆయన ఖాతాలోవే.

ఇనప పెనం మీద తోలు కిందికి వచ్చేలా పెట్టి, ఏడు నిమిషాలు ముట్టుకోలేదు. చిటపటలాడుతుంది, చెయ్యి దురద పెడుతుంది, అట్లకాడ పక్కన పెట్టి కిటికీలోంచి బయటికి చూడటం ఒక్కటే మార్గం. తోలు దానంతటదే పెనాన్ని వదిలినప్పుడు తిప్పాలి. రెండో వైపు అయిదు నిమిషాలు. ముక్కలు పళ్లెంలోకి తీసి, పెనంలో తేలిన కొవ్వు చాలావరకు వంపేశాను.

అంతవరకు నా పని. ఆ తర్వాత మా ఆవిడ గుమ్మం వదిలి లోపలికొచ్చింది. అడగలేదు, గరిటె తీసుకుంది.

50 గ్రాముల బెల్లం నాలుగు చెంచాల నీళ్లలో కరిగించి ముందే వడగట్టి ఉంచింది. వడకట్టుగుడ్డలో అరచెంచా ఇసుక, ఒక చెరకు పీచు మిగిలాయి. బెల్లంనీళ్లు పెనంలో పోసి, నాలుగు చెంచాల సోయా సాస్, దంచిన అల్లం, ఆరు వెల్లుల్లి రెబ్బలు, మిరియాల పొడి వేసింది. మొదట బుడగలు చిన్నవిగా, గొణుగుతున్నట్టు. అవి పెద్దవై బద్ధకంగా పగలడం మొదలయ్యాక మంట తగ్గించింది. "చప్పుడు మారింది చూడండి" అంది. నాకేం వినిపించలేదు. గరిటెతో ఒక చుక్క తీసి ఊది, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సాగదీసింది. తెగింది. ఇంకో అరనిమిషం. ఈసారి సన్నటి తీగ ఒకటి లేచి, వణికి, తెగింది. "లేత తీగపాకం. ఇక చాలు, అరిసెలకైతే ఇంకాస్త ముదరాలి."

అప్పుడు అర చెక్క నిమ్మరసం పిండింది. పులుపుకే అనుకున్నాను. "పులుపుకీ, పాకం గడ్డ కట్టకుండానూ" అంది. బూందీ పాకంలో నాలుగు చుక్కలు పిండినట్టే. పులుపు తగిలితే చక్కెర రెండుగా విడిపోతుంది, మళ్లీ పలుకులుగా పేరుకోలేదు, అద్దంలా ఉండిపోతుంది. ముక్కలు పెనంలోకి జార్చి, పటకారుతో రెండు నిమిషాలు అటూ ఇటూ పొర్లించి, ఇంకా పల్చగా ఉందేమో అని నేను అనబోతుండగానే స్టవ్ కట్టేసింది. పాకం చల్లారేకొద్దీ చిక్కబడుతుంది, పెనంలో సరిపోయిందనిపిస్తే కంచంలో అతుక్కుపోయినట్టే. పైన వేయించిన నువ్వులు చల్లింది.

దీంట్లో కార్న్‌ఫ్లోర్ కలిపితే రెండు నిమిషాల్లో పని అయిపోతుందని చాలామంది చెబుతారు. అవుతుంది. బళ్ల మీద మంచూరియా మెరిసేది దాంతోనే. ఆ మెరుపు వేడిగా ఉన్నంతసేపే, చల్లారితే గంజి పెట్టిన చొక్కా. ఎర్ర రంగు కలిపేవాళ్ల గురించి నేను మాట్లాడను.

వేడన్నం మీద ముక్కలు పరిచి, పెనంలో మిగిలిన పాకం గీకి పైన పోశాం. అంచుల దగ్గర కాస్త కాలిన చేదు, దాని మీద బెల్లం, దాని కింద ఉప్పు. మా ఆవిడ రెండో ముద్ద తిని, మూడో ముద్ద కలుపుతూ, "కొంచెం ఆవపిండి పడితే బాగుండేది" అంది. నేనేమీ అనలేదు. నిజంగానే బాగుండేది.

కంచం ఖాళీ కాకముందే అమెరికాకి వీడియో కాల్ చేశాను. అక్కడ శనివారం రాత్రి, అమ్మాయి చంటివాణ్ణి భుజం మీద వేసుకుని తిప్పుతోంది. "నాన్నా, మీరు చేశారా?" అంది. చేశానన్నాను. వెనకనుంచి మా ఆవిడ దగ్గింది. మనవరాలు తెరకి ముఖం ఆనించి కంచాన్ని ఆ చివరినుంచి ఈ చివరిదాకా పరీక్షగా చూసింది.

"తాతా, మరి సలాడ్ ఏదీ?"

మా ఆవిడ కంచం పక్కనున్న ఉల్లిపాయ చక్రం ఒకటి తీసి ఫోన్‌కి అడ్డంగా పట్టుకుంది.