ఇంగ్లీషోళ్లు గాదట వదినె

మా మర్ది బిడ్డ లండన్ల సదువుతుందని వాడకట్టంత అంటున్నరు గని వదినె, పిల్ల ఉండేది కార్డిఫ్‌ల. అది వేల్స్ రాజధాని. ఆడోళ్లను, మొగోళ్లను ఎవలనైనా సరే ఇంగ్లీషోళ్లంటే ముఖం మాడ్సుకుంటరట. మాడ్సుకోరా మరి? మనల్ని ఎవలన్న మదరాసోళ్లంటే ఊకుంటమా?

వేల్స్‌ల అంత కలిపి ఎంతమందనుకున్నవ్? 2021 లెక్కల్ల 31 లక్షలు. హైదరాబాద్ల సగం గూడ లేరు. మనుషులకంటే గొర్లే ఎక్కువట. మన గొర్ల సొసైటోళ్లు వింటే రేపే పాస్‌పోర్టుకు ఉరుకుతరు.

వాళ్లకు వాళ్ల మాట వేరే ఉన్నది. బోర్డుల మీద రెండు భాషలుంటయి గని, అది వచ్చినోళ్లు నూటికి 18 మంది గూడ లేరు. ఎన్కట బడిల పిల్లలు ఇంటి మాట మాట్లాడితే మెడల కట్టెముక్క ఏలాడదీసేటోళ్లట. ఉట్నూరు దిక్కు గోండు పిల్లలు ఇంట్ల ఒక మాట, బళ్లె ఒక మాటతోని అవస్థ పడుడు మనం సూడలేదా? 1980ల గ్విన్‌ఫర్ ఎవాన్స్ అనే లీడరు, మా భాషకు టీవీ చానలియ్యకుంటే ఉపాసముండి సస్తనన్నడు. థాచరమ్మ సర్కారే దిగొచ్చింది. 1982ల చానల్ వడ్డది. ఒక్క పూట తిండి మానకుండనే గెలిసిండు, సూడు!

గని నాకు కడుపుల దేవినట్టయింది కాపెల్ కెలిన్ కత యిన్నంక. ట్రవెరిన్ ఏటి పొంటి చిన్న ఊరది. లివర్‌పూల్ పట్నానికి నీళ్లు గావాల్నని ఆడ కట్ట కట్టిన్రు. పట్నమేమో ఇంగ్లండ్ల, మునిగేదేమో వేల్స్ ఊరు. 1957ల లండన్ పార్లమెంట్ల చట్టమైంది. వేల్స్ ఎంపీ ఒక్కడన్న దానికి ఓటెయ్యలే, అయినా పాసైంది. ఊరోళ్లు పిల్లాపాపలతోని లివర్‌పూల్ వోయి జులూస్ తీసిన్రు గని ఎవలింటరు? 1965 కల్లా బడి, పోస్టాఫీసు, చర్చి, ఇండ్లు, భూములు అన్నీ పాయె. బొందలగడ్డల కొందరు తమోళ్ల బొక్కలు తీసుకపోయిన్రట. మిగిలినోళ్ల మీద సిమెంటు పోసిన్రు.

నువ్వు గిది యింటే నిద్రవోవు వదినె. మీ పుట్టినూరు పోచంపాడ్ల మునిగిందే గదా. 1963ల నెహ్రూ వచ్చి పునాదిరాయి వేసిన్నాడు మీ నాయిన బండి గట్టుకొని సూడవోయిండంటివి. మన నీళ్లన్నా కాకతీయ కాలువల వోయి కరీంనగర్ దిక్కు మనోళ్ల పొలాలే తడిపినయి. వాళ్లయి పరాయి పట్నం నల్లాలల్లకు వోయినయి. ఏంది, మునిగినోళ్లకు రెండూ ఒక్కటేనంటవా? అంటే అన్నవ్ గని, నేనైతే ఫరకున్నదనే అంట.

వేల్స్‌ల ఒక రోడ్డు పక్కన పాడువడ్డ ఇంటి గోడ మీద ట్రవెరిన్‌ను మరువకున్రి అని రాసి ఉంటదట. 2019ల ఎవలో ఆ గోడ కూలగొడితే మల్ల పేర్చి మల్ల రాసిన్రు. మా పిల్ల దాని ముంగట నిలవడి ఫోటో పంపింది. లివర్‌పూలోళ్లు 2005ల మాఫ్ చెయ్యమన్నరట, నలభై ఏండ్లకు! మాఫీ సంగతి ఇడిసిపెట్టు గని, మీ నాయినకు ఎకరానికి ఎంతిచ్చిన్రో ఏనాడన్న జెప్పిండా వదినె?